కుక్క కోసం ఎవరూ దిగరు

పాత మిల్లు దగ్గర ఆనకట్ట ప్రమాదమని తీమ్ నది ఒడ్డున ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. అయినా డెస్మండ్ పర్‌స్లో ఏటా మార్చి నెలలో ఒక ఆదివారం పడవల క్లబ్బు వాళ్ళందరినీ అక్కడికి పిలిచి గొంతు చించుకుని చెప్పేవాడు. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. సైన్యం మొహం ఎన్నడూ చూడలేదు గానీ, ఆ అరుపుల పుణ్యమా అని క్లబ్బులో అందరికీ సార్జెంట్ అయిపోయాడు. వాళ్ళు ఆ పేరు పెట్టింది వెక్కిరింతకే. ఆయన మాత్రం దాన్ని బిరుదనుకుని లోలోపల మురిసిపోయేవాడు, పాపం.

ఆయన పాఠంలో అసలు ఘట్టం బంతి. ఎర్ర రబ్బరు బంతిని ఆనకట్టకు ఎగువన విసిరేవాడు. అది నున్నటి నీళ్ళ మీద తేలుతూ వచ్చి గోడ మీంచి జారి కిందికి దూకేది. అక్కడ నీళ్ళు అందరూ అనుకున్నట్టు ముందుకు సాగిపోవు. అడుగుకు దిగి, కొంచెం అవతల పైకి ఉబికి, పైపైన వెనక్కి పొర్లుతూ మళ్ళీ గోడ కిందికే వస్తాయి. బంతి ఆ గుండంలో మునిగేది, తేలేది, ఇక బయటపడిందిలే అనుకునేంత దూరం పోయి మళ్ళీ వెనక్కి వచ్చేది. ఒడ్డున కుర్రకారు పాటలా లెక్కపెట్టేవాళ్ళు. లెక్క పెరిగేకొద్దీ వాళ్ళ నవ్వులు తగ్గేవి. అప్పుడు డెస్మండ్ తన తెడ్డును ఎవడో ఒకడి గుండెల మీదికి గురిపెట్టి, "ఆ బంతి నువ్వేరా నాయనా! తేడా ఏంటంటే, దానికి ఊపిరి అక్కర్లేదు, నీకు కావాలి," అని గర్జించేవాడు.

ఆ వెంటనే నియమాలు చెప్పేవాడు. నీళ్ళలో పడ్డవాడికి చెయ్యి అందితే చెయ్యి ఇవ్వు, అందకపోతే తాడు విసురు, నువ్వు మాత్రం దిగకు. చచ్చినట్టు దిగాల్సి వస్తే వీపున తాడు తగిలించుకుని దిగు, అదీ ఒడ్డున ఇద్దరు గట్టివాళ్ళు ఆ తాడు పట్టుకుంటేనే. తాడును కడ్డీకో చెట్టుకో కట్టి దిగావా, నది నిన్ను గాలానికి గుచ్చిన ఎరను చేసి ఆడుకుంటుంది. ఇవన్నీ అయ్యాక ఒక్క క్షణం ఆగి, వేలు పైకెత్తి, "కుక్క కోసం ఎవరూ దిగరు!" అనేవాడు. "మీ అమ్మ కుక్కైనా సరే, ఊరి పెద్ద కుక్కైనా సరే. కుక్కలు చాలాసార్లు బతికి బయటికొస్తాయి. వాటి కోసం దూకిన వెధవలే రారు."

పిల్లలు గంగిరెద్దుల్లా తలలూపేవాళ్ళు. వాళ్ళలో ఎంతమంది బుర్రకెక్కేదో ఆయనకు అనుమానమే. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఒడ్డు మీద ఆపిన వ్యాన్‌లోంచి నెటిల్ అనే గోధుమరంగు స్పానియల్ కుక్క అద్దాలు పగిలేలా మొరుగుతూ ఉండేది. బంతి కనిపిస్తే నెటిల్‌కు ఒళ్ళు తెలియదు. అందుకే ఆ ఆదివారం మాత్రం దాన్ని వ్యాన్‌లో పెట్టి తాళం వేసేవాడు. మిగతా రోజులన్నీ అది ఆయనతోనే, కనూ అనే సన్నటి పడవ ముందు భాగంలో రాణిలా కూర్చుని ఊరేగేది.

ఈ ఏడు కూడా డెస్మండ్ పొద్దున్నే లేచి డజను మందికి జున్ను సాండ్‌విచ్‌లు చేశాడు, రెండు ఫ్లాస్కుల నిండా టీ పోశాడు. వారంపాటు కురిసిన వానకు నది నిండుగా ఉంది. నీరు పెరిగినప్పుడు ఆనకట్ట చూడటానికి ఎంతో బుద్ధిమంతురాలిలా ఉంటుంది. దూకుడు తగ్గి, చప్పుడు తగ్గి, ఒక చిన్న మెట్టు దిగినట్టు కనిపిస్తుంది. అసలు ప్రమాదం అప్పుడే. పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదని ఆయన సంతోషించాడు.

ఒక్కరూ రాలేదు. ముందు వాన వల్ల ఆలస్యమనుకున్నాడు. తర్వాత దారిలో పనులేవో జరుగుతున్నాయనుకున్నాడు. టీ ఒక కప్పు పోసుకుని, రోడ్డు మలుపు దగ్గర ఏ కారు శబ్దం వినిపించినా మెడ సాచి చూశాడు. అసలు సంగతి ఏమిటంటే, క్లబ్బు వాళ్ళకు ఇప్పుడు పట్నంలో సిమెంటుతో కట్టిన కాలవ ఉంది. అందులో మీట నొక్కితే అలలు వస్తాయి, మీట నొక్కితే ఆగిపోతాయి. జాగ్రత్తలన్నీ అక్కడే నేర్పేస్తున్నారు, అరుపులు లేకుండా, వేడి కాఫీ ఇచ్చి. సార్జెంట్ ఆదివారాన్ని ఎత్తేద్దామని కమిటీలో అందరూ చేతులెత్తారు. ఆ మాట ఆయనకు ఎవరు చెప్పాలి అన్నప్పుడు మాత్రం ఒక్క చెయ్యీ లేవలేదు. ఎవరికి వారు పక్కవాడు చెబుతాడులే అనుకున్నారు.

ఒంటరితనం డెస్మండ్‌కు కొత్త కాదు. భార్య గ్లెనిస్ ఎప్పుడో, నీళ్ళంటేనే భయపడే ఒక పళ్ళ డాక్టరుతో వెళ్ళిపోయింది. పిల్లలు లేరు. బస్సు నడిపిన రోజుల్లో కనీసం టికెట్టు కొనేవాళ్ళు గుడ్ మార్నింగ్ చెప్పేవాళ్ళు. ఇప్పుడు కొన్ని రోజులు ఆయన గొంతు ఆయనకే వినపడదు. ఏడాదికోసారి ఈ ఒడ్డు మీద అరిచే అరుపులే ఆయన అసలు మాటలు. వాటిని వినడానికి కూడా మనుషులు లేరని తెలుస్తున్నకొద్దీ ఆయనకు కోపం రాలేదు, సిగ్గేసింది. పుట్టినరోజుకు భోజనాలు పెడితే ఎవరూ రానివాడిలా, అన్ని సాండ్‌విచ్‌లతో అక్కడ నిలబడ్డందుకు సిగ్గేసింది.

వ్యాన్‌లో నెటిల్ కుయ్యిమంది.

"ఏమే, నువ్వొక్కదానివే వచ్చావా పాఠానికి?" అన్నాడు డెస్మండ్. తలుపు తీశాడు. "రా. దిగు. ఎవరూ రాకపోతే నీకే చెప్తా. వాళ్ళకన్నా నీకే బుద్ధెక్కువ."

నెటిల్ దిగి తోక ఊపుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. డెస్మండ్ తెడ్డు చేత్తో పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. మొదట నవ్వులాటగానే మొదలుపెట్టాడు. కానీ నోరు తెరిచాక పాత అలవాటు ఆయన్ని లాక్కుపోయింది. నీరు పెరిగితే ఆనకట్ట ఎందుకు మెత్తగా కనిపిస్తుందో చెప్పాడు. రెండు పక్కలా నిలువు గోడలుంటే ఈదుకుని పక్కకు తప్పుకునే దారి ఎందుకు ఉండదో చెప్పాడు. కుక్క చెవులు నిక్కించి ఆయన మొహంలోకే చూస్తోంది. అంత శ్రద్ధగా ఆ పాఠం ఇంతవరకు ఎవరూ వినలేదు. ఆయనకు నిజంగానే సంతోషం వేసింది. గొంతు పెరిగింది, చేతులు ఆడాయి. "ఇప్పుడు చూడు!" అని సంచిలోంచి బంతి తీసి, ఎన్నో ఏళ్ళుగా విసురుతున్నట్టే, భుజం మీదుగా నదిలోకి విసిరేశాడు.

చెయ్యి పని ముగించాక గానీ బుర్ర పనిచేయలేదు.

"నెటిల్! వద్దే! ఆగు!"

అది అప్పటికే నీళ్ళలో ఉంది. చెవులు వెనక్కి పెట్టి, ముక్కు పైకెత్తి, బంతి వెంట హాయిగా ఈదుతోంది. ఎగువ నీళ్ళు అంత నెమ్మదిగా కనిపించాయి. బంతి గోడ మీంచి జారింది. దాని వెనకే కుక్క జారింది. డెస్మండ్ ఒడ్డు వెంట పరుగెత్తి కిందికి వచ్చేసరికి గుండంలో ఎర్రగా ఒకటి, గోధుమరంగుగా ఒకటి తేలుతూ మునుగుతూ తిరుగుతున్నాయి.

ఒక కొస చేత్తో పట్టుకుని, తాడు చుట్టి పెట్టిన సంచి విసిరాడు. గురి తప్పలేదు, తాడు సరిగ్గా కుక్క మెడ మీద పడింది. కానీ తాడు పట్టుకోవాలని కుక్కకు ఎవరు చెబుతారు? అది తాడును తోసుకుని ఆయన వైపే ఈదడానికి చూసింది. నీళ్ళు దాన్ని వెనక్కి లాగి గోడ కిందికి తోసేశాయి. మళ్ళీ విసిరాడు. పొడుగు కొక్కెం కర్ర చాచాడు, అందలేదు. కిందినుంచి కనూలో వెళ్ళాలనుకున్నాడు. నీళ్ళు ఉబికే గీత దాటితే పడవనూ అదే గోడ కిందికి లాగేస్తాయని తెలుసు. ఆయన తెలివంతా ఏది చేయకూడదో చెప్పే తెలివే. ఏం చేయాలో చెప్పే తెలివి ఆయన దగ్గర లేదు.

నెటిల్ తేలినప్పుడల్లా ఆయన్నే చూస్తోంది. మొరగడం లేదు. దానికి నమ్మకం ఉంది, అదే ఆయన భరించలేకపోయాడు.

లైఫ్ జాకెట్ బిగించుకున్నాడు. వీపు మీది కొక్కేనికి తాడు తగిలించాడు. రెండో కొస తీసుకెళ్ళి ఒడ్డున పాతిన ఇనుప కడ్డీకి కట్టసాగాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మలుపులో ఒక కారు ఆగి, హెస్టర్ ట్రాంటర్ దిగింది.

హెస్టర్ పట్నంలో రొట్టెల దుకాణం నడుపుతుంది. చిన్నప్పుడు ఈ ఒడ్డు మీదే డెస్మండ్ దగ్గర తెడ్డు పట్టడం నేర్చుకుంది. ఇప్పుడు ఆమెకే ఇద్దరు పిల్లలు. కార్యక్రమం రద్దయిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదని పొద్దున్న తెలిసి, ఆ చేదు మాట ఏదో తానే చెబుదామని, దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. వాటిలో ఒక్కటీ అక్కరకు రాలేదు.

"సార్జెంట్! ఏం చేస్తున్నారు మీరు?"

"వచ్చావా తల్లీ! దేవుడిలా వచ్చావు. తాడు పట్టుకో."

హెస్టర్ నీళ్ళ వైపు చూసింది. గుండంలో నెటిల్ తల కనిపించి మాయమైంది.

"ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. పట్టుకో త్వరగా!"

"ఒక్కదాన్నే ఎలా పట్టుకుంటాను? మీరెంత బరువున్నారు, నేనెంత ఉన్నాను? మిమ్మల్ని అది లోపలికి లాగితే నేను లాగలేను సార్జెంట్. నేనూ రావాలి, లేదా తాడు వదిలేయాలి. ఏం చేయమంటారు, వదిలేయమంటారా?"

"వదిలేసెయ్! నాకేం ఫర్వాలేదు."

"నాకుంది ఫర్వా! మీ ప్రాణం ఈ చేత్తో వదిలేసి ఇంటికెళ్ళి పిల్లలకు అన్నం పెట్టాలా నేను?"

"అయితే పక్కకు తప్పుకో. కడ్డీకి కట్టుకుంటా."

"కడ్డీకి కట్టినవాడు ఎర అన్నది ఎవరు?"

"నోర్ముయ్! అవతల అది చచ్చిపోతోంది, నువ్వు నాకు పాఠాలు అప్పజెబుతావా?"

ఆయన అంచు వైపు కదిలాడు. హెస్టర్ వెనకనుంచి ఆయన లైఫ్ జాకెట్ పట్టీని రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు ముందుకు తన్నిపెట్టి, బురదలో కూలబడింది. నిలబడి పట్టుకున్నవాడు పడేవాడితోపాటే పోతాడు, కూర్చుని పట్టుకో అని ఆమెకు నేర్పింది ఆయనే. డెస్మండ్ ముందుకు లాగాడు. ఆమె బురదలో జరిగింది గానీ వదల్లేదు.

"వదులు హెస్టర్!"

"వదలను. కుక్క కోసం ఎవరూ దిగరు."

"అది వేరేవాళ్ళ కుక్కల గురించి!"

"మీ అమ్మ కుక్కైనా సరే అన్నారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నన్ను ఇక్కడే నిలబెట్టి నాతో మూడుసార్లు అనిపించారు."

ఆయన మోచేత్తో ఆమె మణికట్టు మీద కొట్టాడు. గట్టిగానే కొట్టాడు. జీవితంలో ఆడమనిషి మీద చెయ్యి చేసుకోని మనిషి. ఆమె కెవ్వుమంది గానీ పట్టు విడవలేదు.

"నీకు మొగుడున్నాడు, పిల్లలున్నారు, దుకాణం ఉంది!" డెస్మండ్ గొంతు బొంగురుపోయింది. "నాకేముందే? ఆ ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంటే పలకరించే ప్రాణి అదొక్కటే. దాన్నీ తీసేస్తావా? నీకు దణ్ణం పెడతా, వదులమ్మా. నీకు పుణ్యముంటుంది."

హెస్టర్ ఏడుస్తోంది. ఏడుస్తూనే తల ఆయన వీపుకు ఆనించి, కళ్ళు మూసుకుని పట్టుకుంది. ఆయన ఇలా బతిమాలగలడని ఆమెకు తెలియదు. ఈ మనిషికి ఇంత దిగులుందని క్లబ్బులో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు.

నెటిల్ ఇంకోసారి తేలింది. ఈసారి కాళ్ళు ఆడటం లేదు. గోడ కిందికి పోయింది. డెస్మండ్ ఎదురుచూశాడు. బంతి తేలింది, మునిగింది, మళ్ళీ తేలింది. కుక్క తేలలేదు. ఆయన ఆమె మీదికే వెనక్కి వాలిపోయాడు. ఈదడం మానేసినవాణ్ణే ఆనకట్ట వదిలిపెడుతుందని, అడుగునున్న నీరు అప్పుడు బయటికి మోసుకుపోతుందని ఆయనకు తెలుసు. అందుకే ఆయన గుండం వైపు చూడటం మాని, కింది వంపు వైపు చూడసాగాడు.

అక్కడే కనిపించింది. చెట్ల వేళ్ళ పక్కన, మోకాలి లోతు నీళ్ళలో. "అక్కడ!" అన్నాడు. హెస్టర్ లేచి పరుగెత్తింది. ఆ లోతు ఆయన పాఠం ప్రకారం దిగదగ్గ లోతే. నెటిల్‌ను రెండు చేతుల్లో ఎత్తుకొచ్చి గడ్డి మీద పడుకోబెట్టింది. డెస్మండ్ దాని ముట్టె మూసి ముక్కులోకి ఊదాడు, పక్కటెముకల మీద నొక్కాడు, మళ్ళీ ఊదాడు. చాలాసేపు చేశాడు. హెస్టర్ ఆయన భుజం మీద చెయ్యి వేసేదాకా చేస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ తడి గడ్డి మీద అలాగే కూర్చున్నారు. హెస్టర్ మణికట్టు వాచింది. ఆమె దాన్ని ఒళ్ళో దాచుకుంది. డెస్మండ్ దాన్ని చూశాడు.

"విరిగిందా?"

"లేదు."

"వేళ్ళు ఆడించు."

ఆడించింది.

"సార్జెంట్, మా ఇంటికి రండి. ఇవాళ ఒక్కరే ఉండొద్దు. ఆదివారం వంట ఉంది, పిల్లలున్నారు."

"వద్దమ్మా."

"పోనీ నేనొచ్చి కూర్చుంటా."

"వద్దు."

ఆయన నెటిల్ చెవిని చేత్తో సవరిస్తున్నాడు. ఆ చెవి ఎప్పుడూ ఒకవైపు మడతపడి ఉండేది. తడికి ఇప్పుడు తిన్నగా పరుచుకుంది.

"నన్ను తిట్టండి," అంది హెస్టర్. "ఏదో ఒకటి అనండి. ఇలా ఉంటే నేను చూడలేను."

"ఏమని తిట్టను?" డెస్మండ్ గొంతు మామూలుగా ఉంది, పాఠం అయ్యాక పిల్లలతో మాట్లాడే గొంతు. "సరిగ్గా చేశావు. కూర్చుని పట్టుకున్నావు. కొట్టినా వదల్లేదు. ఇన్నేళ్ళు ఇంతమందికి చెప్పాను, ఒక్కరికైనా ఎక్కిందా అని దిగులుపడేవాణ్ణి. నీకెక్కింది. నువ్వు గనక తాడు పట్టుకుని ఉంటే, ఈపాటికి నువ్వూ నేనూ కూడా అందులోనే ఉండేవాళ్ళం. ఆ మాట నాకు తెలుసు."

హెస్టర్ మొహం చేతుల్లో దాచుకుంది. ఆయన నెటిల్‌ను ఎత్తుకుని, మోకాళ్ళ మీద బరువు ఆన్చి, నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"కానీ అమ్మాయ్," అన్నాడు, "నువ్వు తాడు పట్టుకుంటావనే అనుకున్నాను."

ఆయన కుక్కను గుండెకు ఆనించుకుని వ్యాన్ వైపు నడిచాడు. ఆమె కొంతదూరం ఆయన వెనకే వెళ్ళి ఆగిపోయింది.